మూడా, ఎనిమిదా

ఆరింటికి పెడ్తమన్నరు లిస్టు.
తొమ్మిదైంది.
తెర మీద చిన్న గుండ్రం
గానుగెద్దు లెక్క తిరుగుతనే ఉన్నది.

మా జిరాక్సు దుకాణంల నాలుగే కుర్చీలు.
మెట్ల మీద, స్కూటర్ల మీద,
మూసిన ఎరువుల దుకాణం అరుగు మీద
జమ్మికుంట సగం కూసున్నది.
కుట్టుమిషన్ రజియా బీ
దారప్పోగు మెడలనే ఏసుకొని వచ్చింది.
కొడుకు రాలే,
ఇంట్ల దుప్పటి కప్పుకొని పండుకున్నడట.
"నువ్వే జూసి జెప్పు బిడ్డా.
మంచిగుంటె గట్టిగ జెప్పు,
లేకుంటె సైగ జెయ్యి."

ఈ బజారుల ఎవల ర్యాంకెంతో నాకు నోటికొచ్చు.
ఎవల కులం సర్టిఫికెట్ల పేరు తప్పు పడ్డదో,
ఎవలు నలభై కాలేజీలు పెట్టి
ఒక్కదానికే మొక్కుతున్నరో.
డాక్టరు కంటె ఎక్కువ తెలుసు,
డాక్టరు కంటె తక్కువ తీసుకుంట.

పత్తి మార్కెట్ హమాలి ఓదెలు వచ్చిండు.
కొక్కెం నడుముకే ఉన్నది, మీసాల నిండ దూది.
పక్కన బిడ్డ రవళి.
పది రోజుల కింద గీ కుర్చీలనే కూసొని
"కంప్యూటరే పెట్టు, ఏసీల కూసునే పని" అన్నడు.
పెట్టిన.
ఆయన చాయ్ తాగొస్తనని పోయినంక
రవళి మెల్లగ
మంథని పైకి జరిపిచ్చింది.
మైనింగ్. ఒకటో నంబరు.
"అక్కా, నాయినకు చెప్పకు."
చెప్పలే.
పది రోజులు ఆయన నమస్తే పెట్టినప్పుడల్ల
నేను స్టేప్లరు దిక్కు జూసిన.

తొమ్మిదిన్నరకు గుండ్రం ఆగింది.
ముందు రజియా బీ.
సైగే చెయ్యాల్సొచ్చింది.
మెడల పోగు తీసి వేలుకు చుట్టుకుంట
"రెండో విడత ఉంటది గదా" అన్నది,
నేననాల్సిన మాట ఆమెనే.

తర్వాత రవళిది.
ఓదెలు నా చెయ్యాపిండు.
"జరాగు. నొక్కకు.
నొక్కనంతసేపు మనకు రానట్టు గాదు గదా."
ముప్పయ్యేండ్లు బస్తాలు లేపిన చెయ్యి
నా వేళ్ళ మీద,
కోడిపిల్లను పట్టుకున్నట్టు.

నొక్కిన.

"మంథనా? మైనింగంటే?"
నేను చెప్పలే, రవళి చెప్పలే.
అరుగు మీది పిలగాడు నవ్వుకుంట అన్నడు:
"బొగ్గు బాయి, మామా."

చానసేపు మాటాడలే ఓదెలు.
"మా నాయిన గోదావరిఖనిల తట్ట మోసిండు.
దగ్గు తెచ్చుకొని ఇంటికొచ్చిండు.
గందుకే నేను
భూమి మీదనే మోసిన, ఏది మోసినా."
రవళి తలకాయ దించలే.
"తాత ఏడ దిగిండో జూస్త నాయినా.
కప్పు కూలకుంట ఎట్ల ఆపాల్నో నేర్సుకుంట."

మొఖం తుడుసుకున్నడు.
మీసాల దూది పోలే.
"రంగుల తియ్యి ప్రింటు. మూడు."
వేడి కాయితం రెండు చేతుల పట్టుకున్నడు,
పెనం మీదికెంచి దించిన రొట్టె లెక్క,
ఊదుకుంట.

ఎదురుంగున్న మిర్చి బండి మొత్తం కొన్నడు.
అందర్ల కంటె ముందు రజియా బీకిచ్చిండు.
ఆమె రెండు తీసుకున్నది,
ఒకటి దుప్పటి కిందోనికి.

నా సొరుగుల, ఖాళీ ఇంకు డబ్బాల కింద,
పన్నెండేండ్ల నాటి అలాట్‌మెంటు కాయితమొకటున్నది.
రిపోర్టింగు సాయంత్రం అయిదు దాక.
పైసలు ఆరింటికి దొరికినయి.
గంతే.

షట్టరు సగం గుంజిన.
కింద చెప్పులు కనవడ్డయి.
ఒక సన్నటి చెయ్యి లోపటికొచ్చింది,
అరచేతిల పెన్నుతోని రాసిన హాల్‌టికెట్టు నంబరు,
చెమటకు ఆఖరంకె అలుక్కపోయింది.
"మూడా, ఎనిమిదా?"
"తెల్వదక్కా. పొద్దటిసంది గట్టిగ పట్టుకున్న."

షట్టరు లేపిన.
రా, కూసో.
రెండూ కొట్టి చూద్దాం.