నిమిషానికి నాలుగు ముడులు

కవరు చింపితే ఉత్తరం కాదు,
పురికొస రాలింది.
చేపల వల అల్లే ఆకుపచ్చ నైలాను పురికొస.
నా టీ కప్పు చుట్టూ తిరిగి
బల్ల అంచు మీంచి కిందికి జారింది.
ఫిర్యాదు పత్రంలో "జతపరచినవి" అన్న గడిలో
పక్కింటి పిల్లాడి చేతిరాత:
తాడు. ఒకటి.

హెస్టర్ కటిల్, ఎనభై నాలుగేళ్లు,
గ్రిమ్స్‌బీ రేవు వెనక వీధి, కింది అంతస్తు.
చూపు నడిమధ్యన మసక,
లోకం అంచుల్లోనే మిగిలింది.
రాయలేదు, గడియారం చదవలేదు.
పద్నాలుగో ఏట వలల షెడ్డులో చేరి
నలభై ఏళ్లు అల్లింది.
నిమిషానికి నాలుగు ముడులు,
తగ్గితే మేస్త్రీ కూలి కోసేవాడట.
ఆ చేతులు ఇంకా ఆ కోతకే ఉలిక్కిపడుతుంటాయి.

కౌన్సిల్ ఆమెకు మంజూరు చేసింది
పొద్దుటి పూట అరగంట:
లేపడం, ఒళ్లు తుడవడం, మాత్రలు, టోస్టు, జడ.
అంటే నూట ఇరవై ముడులు.
మంగళవారం నలభై నాలుగు.
బుధవారం యాభై.
గురువారం ముడే లేదు,
బెత్తెడు ఖాళీ తాడు.
ఆ ఖాళీని వేళ్లతో తడుముతూ చాలాసేపు కూర్చున్నాను.
తొమ్మిదేళ్లుగా ఫిర్యాదులు చదువుతున్నాను,
ఇంత స్పష్టమైన వాక్యం ఎవరూ పంపలేదు.

సంస్థ కంప్యూటరు మాత్రం
ముప్ఫై, ముప్ఫై, ముప్ఫై అంటుంది
గుక్క తిప్పుకోకుండా.
"ఒళ్లు తుడిచేటప్పుడు ఆవిడ చేతులెక్కడ ఖాళీ?
ఇదేం సాక్ష్యం?" అన్నాడు మేనేజరు.
ఫోన్లో ఆమెని అదే అడిగాను, సిగ్గుపడుతూనే.
"అప్పుడు మనసులో వేస్తాను,
పిల్ల వెళ్లాక తాడులో వేస్తాను.
బాకీ ఎగ్గొట్టే అలవాటు లేదు నాకు."

పిల్ల అంటే రుడో. హరారే నుంచి వచ్చింది,
ఈ ఊరి వాన ఇంకా అలవాటు కాలేదు.
"ఆమె మీద కాదు," అంది హెస్టర్, గొంతు పెంచి.
"ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి నా జుట్టులో.
పొద్దున్నే పదకొండిళ్లు.
ఇంటికీ ఇంటికీ మధ్య దారికి
చిల్లిగవ్వ ఇవ్వరట.
ఆ దారి నా అరగంటలోంచి తీసుకుంటోంది,
ఇంకెక్కణ్ణుంచి తెస్తుంది?
నీ పత్రంలో 'ఎవరిపై' అని ఒక్క గీతే ఉంది.
అక్కడ 'దారి' అని రాయించనా?"

మా యంత్రంలో ఒక మీట నొక్కితే చాలు,
"మీకు అలా అనిపించినందుకు చింతిస్తున్నాము"
అని దానంతటదే పడుతుంది.
నొక్కాను. చెరిపాను.
గురువారం ఎవరూ రాలేదు, తప్పు మాది, అని రాశాను.
పై అధికారి "మాది" కింద గీత గీసి పంపాడు.
తీసెయ్యలేదు.
ఆరు వారాలు పట్టింది.

కళ్లతో చదవలేని మనిషికి ఉత్తరం వెయ్యడమేంటని
నేనే వెళ్లి చదివాను.
ఆమె కట్టిన వాటాలోంచి నలభై ఒక్క పౌన్లు వాపసు.
సంస్థకు హెచ్చరిక. రుడోపై చర్య లేదు.
ఫిర్యాదు పాక్షికంగా అంగీకరించబడినది.
"పాక్షికమంటే ఏ ముక్క?"
గురువారం పూర్తిగా మీదే, అన్నాను,
మిగతా రోజులు కొంత కొంత.
"దారి?"
కొత్త టెండరు పిలిచినప్పుడు పరిశీలిస్తారు.
ఎప్పుడని అడగలేదు.
దుప్పటి కింద వేళ్లు మాత్రం ఆగలేదు.

మూడున్నరకి ఇంకో ఇల్లుంది నాకు.
లేచాను. ఒక చెయ్యి కోటులో ఉండగా
ఉండబట్టలేక అడిగాను:
"ఎన్ని?"
"అరవై ఎనిమిది," అంది.
కాసేపాగి, మొహం పక్కకి తిప్పి
కంటి అంచుతో నన్ను చూసి,
"పై బొత్తాం కింది కాజాలో పెట్టావు.
సరిచేసుకో, ఇంకో రెండు వేస్తాను."