ఒకటంటే అవును

అరండల్‌పేట పన్నెండో లైనులో
దయ్యాల కొంపని పేరుపడ్డ ప్లీడరుగారి మేడ.
అద్దెకి అడిగితే వారసుడు ఫోన్లోనే నవ్వాడు:
"నెల రోజులేగా, ఊరికే తీసుకో.
రాత్రిళ్ళు మాత్రం నీ పూచీ."

మా అబ్బాది మస్తాన్ మైకుసెట్టు.
పెళ్ళిళ్ళకీ ఎలక్షన్లకీ అరిచి అరిచి
గొంతు జీరపోయిన నాలుగు బాకాలు
ట్రాలీ ఆటోలో తెచ్చి తలో గదిలో పెట్టాను.
ఈ వయసులో వాటికి గుసగుస నేర్పాలి.

టేకు దూలానికి మైకు అంటించి విన్నాను.
చెదలు నమలడం.
నీళ్ళు మరిచిపోయిన పైపులో గాలి.
వంతెన కింద తెనాలి పాసింజరు పోతుంటే
ఖాళీ అద్దాల బీరువా
లేని గ్లాసుల్ని పట్టుకుని వణకడం.
మూడింటప్పుడు ఎవరో దగ్గారు.
గుంటూరులో దగ్గుకి దయ్యాలెందుకు,
మిర్చి యార్డు వైపునుంచి గాలి తిరిగితే చాలు.
అయినా ఆ ముక్క చెరపలేదు.

హాల్లో మూడుకాళ్ళ బల్ల.
యుద్ధంనాడు, కిరసనాయిలు దొరకని రాత్రుల్లో
పెద్దమనుషులు దాని చుట్టూ కూర్చునేవారట
చిటికెనవేళ్ళు తగిలించుకుని.
టైఫాయిడ్‌తో పోయిన పిల్లాడు వచ్చేవాడట.
టక్. ఒకటంటే అవును.
టక్ టక్. రెండంటే కాదు.
ఆ టక్కులు నేను మళ్ళీ చేశాను
కొబ్బరిచిప్పతో, తాళంచెవితో, నా మోకాలి కీలుతో.
బాకాల్లోంచి గదిగదికీ నడిపించాను.

వినడానికి కాలేజీ పిల్లలొచ్చారు.
ఒక హోమియో డాక్టరు.
చీకట్లో సెల్ఫీ రాలేదని వెళ్ళిపోయిన జంట.
ఆరోరోజు రాగమ్మ.
తొంభై దాటిన మనిషి, మనవరాలి స్కూటీ దిగి
చెప్పులు గుమ్మంలో విడిచి
కుర్చీ వద్దని బల్ల పక్కనే నేలమీద కూర్చుంది,
ఎప్పటి చోటో అన్నట్టు.

అంతా విని తల అడ్డంగా ఊపింది.
"అట్టా కాదమ్మాయ్, మరీ గట్టిగా ఉంది.
చచ్చినోళ్ళు సిగ్గుపడతా కొడతారు."
కుడికాలి బొటనవేలు నేలకి అదిమి
మెటిక విరిచింది.
టక్.
దూలంలో చెదలు ఆగినట్టనిపించింది నాకు.

"అర్ధణా ఇచ్చేది అమ్మగారు.
కొడుకు పలక్కపోతే అయ్యగారు అన్నం ముట్టడని.
తొమ్మిదేళ్ళు నాకు. బల్లగుడ్డ నేలదాకా ఉండేది.
వచ్చావా అంటే అవును, బాగుండావా అంటే అవును.
ఆకలేస్తందా నాయనా అంటే మాత్రం
నాకే ఏస్తా ఉండేది,
ఏం కొట్టాలో తెలిసేది కాదు."

రికార్డరు నొక్కడం మరిచిపోయాను.
వెళ్తూ వెళ్తూ మెట్టుమీద ఆగింది.
"ఒకరోజు జొరమొచ్చి నేన్రాలా.
ఆ రాత్రే పిల్లోడు తెల్లార్లూ మాట్టాడాడంట.
పొద్దున్నే అమ్మగారొచ్చి
నా చేతిలో రెండణాలు పెట్టింది."

ఇప్పుడు మూడు బాకాలే మోగుతున్నాయి.
నాలుగోది బల్ల కింద పెట్టాను, వైరు తగిలించకుండా.
జనం దాని ముందే ఎక్కువసేపు కూర్చుంటున్నారు.
నిన్న అబ్బా వచ్చి
"కనెక్షనూడింది, చూసుకోలేదా" అని వంగాడు.
చెవి పెట్టాడు.
చాలాసేపటికి లేచి
వైరు చుట్టి జేబులో వేసుకున్నాడు.