లేత రంగు ఫైళ్లు

దోన్యా ఎదువిహెస్ ఫోనెత్తగానే అన్న మాట:
"నా డెస్క్‌టాప్‌కి పేలు పట్టాయి, నిబాల్దో!
పనిముట్లన్నీ పట్టుకురా."

కొండ లిఫ్టు మరమ్మతులో ఉంది.
నూట అరవై రెండు మెట్లు.
వాల్పరైసో రేవు మీద మంచు ఇంకా లేవలేదు,
రేకుల ఇళ్ల పసుపూ ఎరుపూ
నీళ్లు కలిపిన పాలల్లే పలచబడి ఉన్నాయి.
ఆవిడ వేలు పెట్టి చూపించిన ఫైళ్లూ
అదే రంగులో.

మడత పడని దుప్పటిలాంటి నీలం తెర.
గ్యాసు బిల్లులు, మందుల చీటీలు,
లిఫ్టు కార్మికుల సంఘం:
మూడే ఫోల్డర్లు, మూలన, వరసలో.
నడిమధ్యన మాత్రం వీళ్లు.
డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ,
మళ్లీ డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ,
పక్కనే ఇంకోడు, థమ్స్ డాట్ డీబీ.
"చూడు, సగం చచ్చి సగం బతికినట్టు.
కవలలకైనా తలో పేరు పెడతారు కదా!"

తీసెయ్యబోతే అడిగిందట మెషీను,
ఇది సిస్టమ్ ఫైలు,
తీసేస్తే నేను సరిగ్గా నడవకపోవచ్చు, ఖాయమేనా అని.
"ముప్పై ఒక్క ఏళ్లు ఆ లిఫ్టు దగ్గర టిక్కెట్లు చింపాను.
నన్నడుగుతుందా, ఖాయమేనా అని!"
అవును నొక్కింది. పోయాయి.
టీ నీళ్లు మరిగేలోపు
పొయ్యి దగ్గరి పిల్లిలా వచ్చి కూర్చున్నాయి.

చెల్లెలి మనవడు ఆటేదో దించుకుంటూ
ఎక్కడో ఒక గడిలో టిక్కు పెట్టిపోయాడు.
అంతే జరిగింది.
"ఇవి కొత్తగా రాలేదు దోన్యా,
మీరు కొన్న రోజునుంచీ ఇక్కడే ఉన్నాయి.
ఈ ఇద్దరూ ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో
ఏ ఫోల్డర్ని ఏమని పిలవాలో గుర్తుపెట్టుకుంటారు."
"పనివాళ్లా?"
"అలాంటివాళ్లే."
"మరి మూడోవాడు?"

అక్కడ నేను నోరు కట్టుకోవాల్సింది.

"మీరు పెట్టిన ప్రతి ఫోటోకీ
గోరంత నకలు దాస్తాడు.
ఒక్కోసారి
ఫోటో పారేసినా నకలు వీడి దగ్గరే ఉండిపోతుంది."

కప్పు పెదాల దాకా వెళ్లి ఆగింది.
"తెరువు."

తెరిచాను.
తపాలా బిళ్లలు చల్లినట్టు:
ఒక కుక్క. వాన నీళ్లు నిండిన వంటిల్లు.
ఎవరిదో పెళ్లి కేకు.
ఆపైన వరసగా పదకొండు
ఫెర్మీన్‌వి.
సంతకం అడక్కుండా తండ్రి పడవ అమ్మేసిన తమ్ముడు.
ఆ రాత్రి కూర్చుని ఒక్కొక్కటీ తీసేసిందట,
చెత్తబుట్టా ఖాళీ చేసిందట,
ఆ తర్వాత ఆ పేరు ఈ ఇంట్లో
ఉప్పు అడగడానిక్కూడా ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు కందిపప్పు బద్దంత మొహం.
ఒకదాంట్లో చేపని తోకపట్టి ఎత్తాడు.
ఒకదాంట్లో నోరు తెరిచాడు,
పాటో ఆవలింతో.
"పెద్దది చెయ్యి."
చేశాను. గళ్లు.
ముక్కు ఒక గడి.
నవ్వు మూడు గళ్లు, అందులో ఒకటి బూడిద రంగు.

"పడవ కనిపిస్తోందా?"
"లేదు. తాడు మటుకు ఉంది."

గోడ గడియారం కింద
ఆవిడ కళ్లజోడు తీసి గౌను అంచుతో తుడిచి
పెట్టుకోలేదు.
నా వేలు మౌసు మీదే ఉంది.
తీసెయ్యమంటే శాశ్వతంగా తీసే ఉపాయం
నా సంచీలో ఉంది.
అందుకే కదా రమ్మంది.

"ఆ గడిలో టిక్కు తీసెయ్," అంది.

తీశాను.
ముగ్గురూ మాయం. నీలం నీలంగా.
"ఉన్నాయా?"
"ఉన్నాయి."
"కనబడవు."
"కనబడవు."
"సరే, టీ తాగు, చల్లారుతోంది."

డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది,
నాణేలతో సహా, టిక్కెట్టు కిటికీలోంచి ఇచ్చినట్టు.
వేడి రొట్టె రెండు కాగితంలో చుట్టి ఇచ్చింది.
మంచు విడిచి రేవులో ఓడలు తేలాయి.
నేను దిగుతున్నాను.

వెనకనుంచి కేక:
"నిబాల్దో! ఆ గడి ఎక్కడుందో
ఒక కాగితం మీద రాసిపెట్టి పో!"

పద్నాలుగు మెట్లు
మళ్లీ ఎక్కాను.