భుజం మీద నాలుగు వేళ్లు

కుతాయిసిలో, రియోనీ నది వంతెన దాటాక
తాళాలు బాగుచేసే కొట్టుకీ చెప్పుల కొట్టుకీ మధ్య
ఒక మనిషి పట్టే సందులో నా కంప్యూటర్.
నాకొచ్చే బేరాలు ఎక్కువగా చనిపోయినవాళ్లవి.
సమాధుల నల్లరాళ్ల మీద ముఖాలు చెక్కే ఓటియా
"కళ్లు తేటగా ఉంటే చాలు, మిగతాది ఉలి చూసుకుంటుంది" అంటాడు.

మొన్న జుజునా తెచ్చింది, రొట్టె చుట్టే గుడ్డలో.
యాభై ఎనిమిదో ఏడు ఫొటో. పోస్టుకార్డంత.
మడతలు పడి పడి, ఒక మడత సరిగ్గా
కుడికంటి మీదుగా పోయింది.
"మా ఆయన, వలేరియన్. ఆదివారానికి కావాలి."

స్కానర్ గాజు మీద బోర్లా పడుకోబెట్టి మూత మూశాను.
సందులోంచి వెలుతురు అటునుంచి ఇటు పాకింది.
తెర మీద పెద్దది చేస్తే మనిషి ఉండడు,
ముతక రవ్వ ఒలికినట్టు బూడిదరంగు గింజలు, అంతే.
మంచి చర్మం ఉన్నచోట చిటికెడు తీసి
పగులు మీద అద్దుతాను. మళ్లీ చిటికెడు.
ఒకేచోటి నుంచి తీస్తే అతుకు దొరికిపోతుంది,
ఒకే అబద్ధం రెండుసార్లు చెప్పినట్టు.

పోయిన కంటికి, ఉన్న కన్నునే తిరగేసి పెట్టాను.
ఏదో తేడా. అర్ధగంట పట్టింది తెలియడానికి:
స్టూడియో కిటికీ మెరుపు
రెండు కనుపాపల్లోనూ ఒకేవైపు ఉండాలి కదా!
మెరుపును ఇటు జరిపాను.
అప్పుడు చూశాడు, నావైపు.

చెంప మీద తెల్లగీతను గీరుడనుకుని చెరిపేశాను.
జుజునా గోరు తెరకి తగిలింది.
"ద్రాక్షతీగలు కోసే కత్తెర అది. మా పెళ్లికి ముందటేడు."
ఒక మెట్టు వెనక్కి నొక్కాను. గాయం తిరిగొచ్చింది.
ఇద్దరికీ ఊపిరాడింది.

"మరి ఇవి?" అన్నాను.
ఫొటో అంచు కత్తెరతో కోసి ఉంది,
నిటారుగా, తొందర లేకుండా.
కోసినవాళ్లు వదిలేసినవి నాలుగు వేళ్లు
అతని భుజం మీద. ఒకదానికి ఉంగరం.
"తీసెయ్" అంది.
ఎవరని అడగలేదు. ఇక్కడ అడిగితే బేరం పోతుంది.

వేళ్లను తీయడం తేలికే.
కోటు నేతను పక్కనుంచి తెచ్చి
ఒక్కొక్కటే కప్పాను, చిటికెనవేలు ఆఖరున.
కానీ అక్కడ బట్ట నొక్కుకుపోయి ఉంది,
లేని చేతి బరువుకి ఆ భుజం
వెంట్రుకవాసి కిందికి దిగి ఉంది.
భుజాన్నీ లేపి చూశాను.
వేరెవరో అయిపోయాడు. దించేశాను.

నునుపెక్కిన చోటల్లా చివర్న కాస్త రవ్వ చల్లాను,
మరీ కొత్తగా ఉంటే
ఇంటివాళ్లు గుర్తుపట్టరు.

నోట్లు లెక్కపెట్టి, పైన గుప్పెడు అక్రోట్లు పోసి
గుమ్మం దగ్గర ఆగింది జుజునా.
"తీసేసినవి... ఎక్కడైనా ఉంటాయా?"

పొరలు పొరలుగా పనిచేస్తామమ్మా, అన్నాను.
కింది పొరలో అలాగే ఉంటాయి.
పొర పక్కన చిన్న కన్ను బొమ్మ ఉంటుంది,
దాన్ని మూస్తే కనబడవు.

వాన మొదలైంది. గొడుగు రెక్క ఒకటి విరిగి ఉంది,
దాంతో కాసేపు తంటాలు పడింది.
"మూసే ఉంచు" అంది, వీధివైపు తిరిగి.
"చెరపకు."