ఒంటిరంగు

సీసా మీద 'ఒంటిరంగు' అని ఉంటుంది.
మూత తీస్తే
పాలలో నలిపిన రోజాపువ్వు.
ఎవరి ఒళ్లో మరి!
శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను,
ఆ ఒళ్లు నా స్టూలు మీద ఒక్కసారీ కూర్చోలేదు.

సెలవు మీద వచ్చిన అసిరినాయుడు
ఫోన్లో ఫొటో చూపించాడు.
మంచు, ఇసుక మూటలు, ఎనిమిది మంది.
"మా సెక్షనండి. బొమ్మలు సేసిత్తారా?
మొకాలు బటానీ గింజంతైనా పరవానేదు గానీ
ఎవుడి మొకం ఆడికే ఉండాల."

తలకాయ నిజంగా బటానీ గింజంతే.
బొమ్మని దగ్గుమందు సీసా మూతకి అంటించి,
అడుగున బూడిదరంగు ఆరనిచ్చి,
మూడు వెంట్రుకల కుంచె, బిగబట్టిన ఊపిరి,
మజ్జిగ తేటంత పల్చగా ఒక పొర.
ఆరాక ఇంకొకటి.
ఆరాక ఇంకొకటి.

నీడకి నలుపు వాడకూడదు,
మసి అవుతుంది గానీ నీడ అవదు.
ఇటుక ఎరుపులో నీలం ఒక సూదిమొన,
దవడ కింద, కంటి గుంటలో, చెవి వెనకాల.
వెలుగుకి తెలుపూ పనికిరాదు,
గోడకి సున్నం కొట్టినట్టుంటుంది.
తాటిబెల్లం రంగులో కాస్త పసుపుమట్టి.
ఇంత చిన్న ముక్కు మీద
సూర్యుడు మనమీద పడ్డట్టు పడడు,
ఆ ఎండ కూడా మనమే పూయాలి.

తెలుపు సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు!
నెగెటివ్ మీద పెన్సిల్‌తో నల్లగా రుద్దితే
ఫొటోలో మొహం తెల్లబడుతుంది.
పెళ్లిచూపులకి పంపే ఫొటోల్లో
ఎంతమంది ఆడపిల్లల్ని కడిగేశానో లెక్క లేదు.
అందరూ సంబరంగా పట్టుకెళ్లారు.
తర్ర రాజులమ్మ ఒక్కతే
కవరు విప్పి, చూసి, బల్ల మీద పెట్టేసింది.
"ఈ పిల్లెవులో బాగుంది బాబూ.
నాది ఎతికి ఇవ్వండి."

డబ్బులు తిరిగిచ్చేశాను.
ఆ నెగెటివ్ ఏ డబ్బాలో ఉందో
నిన్న కూడా వెతికాను.

నాగా కుర్రాడికి ఎండుగడ్డి పసుపు,
బుగ్గల మీద చలికి కందిన ఎరుపు.
గఢ్వాల్ హవల్దారుకి గోధుమరంగు,
గీసిన గడ్డం చోట నీలిబూడిద, ఉందా లేదా అన్నట్టు.
మదురై వాడి దగ్గర అసిరినాయుడు
నా మోచెయ్యి పక్కనే నిలబడిపోయాడు.
"ఇంకా ముదురండి. ఇంకా.
ఆడు నవ్వితే గానీ సీకట్లో ఆడని తెలీదు,"
అని తనే నవ్వి, ఫోన్ జేబులో పెట్టేసి,
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
నేను అడగలేదు.
చింతగింజ రంగు దగ్గర తల ఊపాడు.

ఎనిమిదోది తనది.
"నా రంగేటో నాకేటి తెల్సు? మీరే సూడండి,"
అని టోపీ తీశాడు.
నుదుటికి అడ్డంగా గీత.
గీతకి కింద మంచులో ఎండ కాల్చిన రాగి.
గీతకి పైన
ఆమదాలవలస అవతల వాళ్లమ్మ కన్నప్పటి రంగు,
చెమ్మ తగలని కొత్త కుండలా.

బొమ్మకి హెల్మెట్ ఉంది.
అంటించేస్తే ఆ పైరంగు
ఎవరికీ కనపడదు.
అతనే చెప్పాడు, వొగ్గేయండి అని.
వదల్లేదు. ఒక రాత్రంతా పట్టింది
ఆవగింజంత నుదురుకి.
అది ఆరాకే హెల్మెట్ పెట్టాను.

మధ్యలో, రంగు కుదిరిందో లేదోనని
నా మణికట్టు లోపలివైపు ఒక చుక్క పెట్టుకున్నాను.
ట్యూబులైటు కింద చూశాను.
తెల్లారి నాగావళి గట్టు మీద
ఎండలో చెయ్యి చాపి చూశాను.
కడుక్కుందామంటే
ఎక్కడ పెట్టానో దొరకలేదు.