నలభై ఒక్క ముక్కలు

గవర్నరుపేటలో జిరాక్సు షాపు పైన
ఏసీ నీళ్లు కారే మెట్లెక్కితే నా గది.
రెండు మానిటర్లు, చెయ్యి విరిగిన కుర్చీ,
పెళ్లి వీడియోలు ఎడిట్ చేయబడును అని బోర్డు.
ఈ మధ్య పెళ్లిళ్లకన్నా పాటలే ఎక్కువ.

మొన్న వేసవిలో ఒకటొచ్చింది.
సీతానగరం వైపు, కృష్ణలో నీళ్లు లేని చోట ఇసుకలో తీశారు.
హీరో, డబ్బులు పెట్టినాయన బావమరిది.
అతనికి ముఖం ఉంది, నల్ల కళ్లజోడుంది,
బుల్లెట్టు దిగే తీరు మూడు కోణాల్లో ఉంది.
"అమ్మాయిని కొంచెం చూసి కట్ చెయ్ బ్రో" అన్నారు.
కొంచెం చూసి అంటే ఏమిటో
ఈ పనిలో ఎవరూ వివరం అడగరు.

నడుము, పన్నెండు ఫ్రేములు.
పాదం పట్టీ ఎనిమిది.
మళ్లీ నడుము.
జడ విసిరినప్పుడు వేగం తగ్గించాను.
డప్పు దెబ్బకొక భుజం, ఇంకో దెబ్బకి ఇంకోసారి నడుము.
పాటలో ఆమెని మిరపకాయన్నారు, గోంగూరన్నారు,
రెండో చరణంలో పులిహోర కూడా అన్నారు.
పేరు మాత్రం అనలేదు.
చివర్లో అక్షరాలు నేనే కొట్టాను: స్వీటీ.

మూడు రాత్రులు ఆ నలభై ఒక్క ముక్కలతోనే ఉన్నాను.
బొడ్డు పక్క పుట్టుమచ్చ తుడిచేసింది నేనే.

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి
చెమటలు కక్కుతుంటే తలుపు చప్పుడు.
చేతిలో హెల్మెట్. ముఖానికి చుట్టిన చున్నీ విప్పింది.
"ఎవరు కావాలండీ?" అన్నాను.
నిజంగానే అడిగాను.

"నేనేనండీ, మీ స్వీటీని.
ఎస్తేరు రాణి. వాంబే కాలనీ.
పగలు నర్సింగ్‌హోమ్‌లో రిసెప్షను.
బాలెన్సు డబ్బులకి రాలేదులెండి, అవెటూ రావు.
ఆ నడుము స్టెప్పు మడమ దగ్గర మొదలై కంటి దగ్గర ఆగుద్ది.
ఎనిమిది లెక్కలు. నేనే కట్టుకున్నా దాన్ని.
మీరు మధ్యలో మూడు లెక్కలే ఉంచారు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.
"రెండో రోజు నేను పడ్డది ఉందా?" అంది.

ఉంది. చెత్త అని పేరు పెట్టిన ఫోల్డర్లో.
కరెంటు వచ్చేదాకా ఇద్దరం గోడ చూస్తూ కూర్చున్నాం.

పంతొమ్మిది సెకన్లు.
ఇసుకలో కాలు దిగబడి కూలబడింది.
వెనక వరసలోంచి నాగూర్ వచ్చి
చెయ్యందించకుండా ఆమె స్టెప్పే వేశాడు,
మడమ నుంచి కంటి దాకా, ఒక్క లెక్క తప్పకుండా.
కెమెరా వెనక ఎవడో ఈలేసి ఏదో కూశాడు.
నాగూర్ ఆగలేదు.
ఆమె పొట్ట పట్టుకుని నవ్వుతోంది, నోట్లో ఇసుక.
పుట్టుమచ్చ కనబడుతోంది.

"స్టేటస్ పెట్టుకుంటా, పంపండి" అని నంబరిచ్చి దిగిపోయింది.

తర్వాతి పాట వేరే అమ్మాయిది.
ఒక షాటు పొడుగ్గా ఉంచాను, ఎనిమిది లెక్కలూ.
సాయంత్రమే ఫోను: "అక్కడ బోర్ కొడుతోంది బ్రో, కట్ చెయ్."
చేశాను.
ముందు దాని కాపీ ఒకటి చెత్తలో దాచాను.
ఆ అమ్మాయెవరో కూడా
ఏదో ఒక మధ్యాహ్నం మెట్లెక్కుతుందేమో.