నాఫ్తా

గాలి ఇక్కడ అడ్డొచ్చినదాన్నల్లా తోసుకుపోతుంది.
పంపు గొట్టాన్ని నేను పట్టుకున్నానో
అదే నన్ను పట్టుకుని నిలబెట్టిందో చెప్పలేను.
రియో గాయేగోస్ ఊరి చివర, మూడో నంబరు రోడ్డు పక్క బంకులో
పదకొండేళ్లుగా నాది ఒకటే ప్రశ్న:
నాఫ్తానా? గాసోయిలా?

నాఫ్తా అంటే పెట్రోలు.
అర్జెంటీనాలో పాలపళ్లు ఊడని పిల్లకీ తెలుసు.
ఆసుపత్రి వరండాలు తుడిచొచ్చి, బూట్లు విప్పే ఓపిక లేక
"నాఫ్తా అయిపోయిందే నాకు" అని
మా అమ్మ కుర్చీలో కూలబడుతుంది.
డెబ్భయ్యో నిమిషంలో నడుం పట్టుకుని వంగిన ఆటగాణ్ణి చూసి
రేడియోవాడూ అదే అంటాడు.
నేనూ మా చెల్లీ మాటా మాటా అనుకుంటుంటే
మధ్యలో దూరిన పిన్నిని
"నిప్పులో నాఫ్తా పొయ్యకు" అని అమ్మ కసురుతుంది.
ఇన్ని పనులు చేసే మాటని
నేను లీటరు లెక్కన అమ్ముతాను.

గంట ప్రయాణం చేస్తే సరిహద్దు. అవతల చిలీ.
అదే ద్రవం, అదే కళ్లు మండించే వాసన,
పేరు మాత్రం బెన్సినా.
అక్కడ పెట్రోలియో అన్నారంటే డీజిల్ అడుగుతున్నారని.
గేటు కర్ర పైకి లేచి దిగేలోపు
మాట చొక్కా మార్చేస్తుంది.
అందుకే చిలీ నంబరు ప్లేటు కనబడితే
నేను నోటిని నమ్మను. టాంకు మూత చూస్తాను.

ఆ రోజు వచ్చిన ట్రక్కుకి మా ప్లేటే.
కుజ్మానిచ్‌ల గొర్రెల ఫారం బండి, తలుపు మీద ఎర్రమట్టి.
లోపల కొత్త కుర్రాడు, చెవులు చలికి కందిపోయి.
"నాఫ్తా," అన్నాడు. "నిండా," అని చేత్తో చూపించాడు.
డ్యూటీ చివరి గంట. వేళ్లు నావి కావు.
పోశాను.

తొమ్మిది కిలోమీటర్లు పోయిందట.
ముందు దగ్గింది, తర్వాత పొగ, తర్వాత
గాలి చప్పుడు ఒక్కటే.

మెకానిక్ బండెక్కి వెళ్లాను, తిట్లన్నీ వరసలో పెట్టుకుని.
రోడ్డు వారన నిలబడి వాడు గుండెల మీద కొట్టుకుంటున్నాడు:
నాఫ్తా! నాఫ్తా!
స్ప్లిట్ రేవులో వాళ్ల నాన్న చేపల పడవ తాగేది నాఫ్తా.
ట్రాక్టరు తాగేది నాఫ్తా.
వాడి దేశంలో నాఫ్తా అంటే డీజిల్.
వాడు ఒక్క అక్షరం తప్పు పలకలేదు.
నేను ఒక్క చుక్క తప్పు పొయ్యలేదు.
నా జీతంలోంచి ముప్పై ఎనిమిది లీటర్లు.

సాయంత్రం వాళ్ల పెద్దాయన ద్రాగో వచ్చాడు. ఇక్కడే పుట్టినవాడు.
సగం డబ్బు కౌంటరు మీద పెట్టాడు. మిగతా సగం నాదేనని
ఎందుకు అనుకున్నాడో అడగలేదు.
"మా ఇంట్లో గుమ్మం లోపల నాఫ్తా ఒకటి, బయట ఒకటి," అన్నాడు.
"ఏడేళ్లొచ్చేదాకా
ఒకే మాటకి రెండు వాసనలుంటాయనుకున్నా."
నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు.
టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

కుర్రాడి పేరు యెర్కో.
ఆ తర్వాత ఎప్పుడొచ్చినా మాట అనడు.
దిగి, మూత తిప్పి తీసి,
డీజిల్ పంపుకేసి వేలు చూపిస్తాడు,
పోలీసుకి దొంగని చూపించినట్టు.
నేనూ ఏమీ అడగను.
మీటరు తిరుగుతుంటే ఇద్దరం దాన్నే చూస్తాం.

జూలైలో ఒక రాత్రి, రోడ్డంతా గాజుమంచు.
గొర్రెలు కంచె దగ్గర గడ్డకట్టి చచ్చాయట,
రెండు రోజులుగా లాగుతున్నాడట.
బండిలోంచి ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని దిగాడు.
గోడకి ఆనుకున్నాడు. జారి, అలాగే కూర్చుండిపోయాడు.
మా భాషలో, మా యాసలో,
మా అమ్మ అన్నట్టే అన్నాడు:
"నాఫ్తా అయిపోయింది నాకు."

ఏ నాఫ్తా, అని నాలిక చివరిదాకా వచ్చింది.
ఫ్లాస్కు అందుకుని
వేణ్ణీళ్ల కుళాయి కింద పెట్టాను.
మాతే ఆకు తెచ్చుకున్నాడో లేదో మాత్రం అడిగాను.